నానీమా బయాజ్‌లో అంచున రాసిన మాట

మొన్న ఇత్వార్ పొద్దున్నే నారపల్లి నుంచి నా భాంజీ వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. పాత కాగితం, నడుమ మడత, నీలం సిరాతో ఉర్దూ చేతిరాత. దాని కింద వాయిస్ మెసేజ్: "మామూ, ఇందులో ఏం రాసుందో చదివి చెప్తారా? ఇది కడుపుతో ఉన్నోళ్ల నుస్ఖా అని అమ్మీ అంటోంది. రేపు సామాన్ తెప్పిస్తదంట."

భాంజీకి ఐదో నెల. మొదటి కాన్పు. ఉర్దూ ఇంట్లో మాట్లాడుతుంది కానీ చదవలేదు, ఇంగ్లీషు మీడియం పిల్ల. మా ఆపా అచ్చులో ఉన్న ఉర్దూ చదవగలదు కానీ షికస్తా చేతిరాత ఆమెకు పట్టదు. ఖాందాన్‌లో ఉర్దూ మీడియంలో చదివి ఇంకా ఆ రాత పట్టుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. తెలుగులో డిగ్రీ చేసి తెలుగు పత్రికల్లో బతుకుతున్నా, ఇలాంటి కాగితాలు చివరికి నా దగ్గరికే వస్తాయి.

ఫోటోలో కనిపించినంతవరకు చదివాను. అజ్వాయిన్ (వాము), మేథీ (మెంతులు), సోంఠ్ (శొంఠి), అభల్, పాత గుడ్ (బెల్లం). అభల్ దగ్గర ఆగిపోయాను. అది జునిపర్ కాయ. యూనానీ కితాబుల్లో దాన్ని ముదిర్రె హైజ్ అంటారు, అంటే ఆగిన నెలసరిని కిందికి తెచ్చే దవా. కడుపుతో ఉన్న పిల్లకు అదెందుకు? "బేటా, ఫోటోలో పైభాగం, కుడి అంచు రెండూ తెగిపోయాయి. పేజీ మొత్తం కనిపించేలా ఇంకోటి తీసి పంపు" అన్నాను.

రెండో ఫోటో వచ్చింది. పేజీ పైన "బరాయె జచ్చా" అని ఉంది, అంటే బాలింత కోసం. కుడి అంచున అడ్డంగా, చీమల బారులాగా సన్నటి అక్షరాల్లో నానీమా చేతిరాత: "హామిలా కో హర్గిజ్ న దేం". గర్భవతికి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు.

వెంటనే ఆపాకు ఫోన్ చేశాను. రెండు నిమిషాలు ఆమె గొంతు పెగల్లేదు. "అమ్మీ కడుపు నుస్ఖా అనేది రా. నేను అదే యాద్ పెట్టుకున్నా" అంది. అమ్మీ అన్నది కడుపు కడిగే నుస్ఖా అని. కాన్పయ్యాక రహిమ్ సాఫ్ కావడానికి ఇచ్చేది. ఒక తరం దాటేలోపు "కడిగే" అన్న ముక్క రాలిపోయింది.

ఆ ఒక్క ముక్క రాలడం వెనక పెద్ద తారీఖ్ ఉంది. మన ఇళ్లలో జచ్చా బచ్చా దవాల గురించి మాట్లాడేవాళ్లు రెండే మాటలంటారు. ఒకరు "బుజుర్గుల ఇల్మ్, దానికి తిరుగులేదు" అంటారు. ఇంకొకరు "అదంతా జహాలత్, పారెయ్" అంటారు. బయాజ్ ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు రెండు మాటలూ తప్పనిపించాయి.

ముందు కితాబుల సంగతి. మన తిబ్బె యూనానీకి యూనాన్ బుక్రాత్ (హిప్పోక్రటీస్) దగ్గర మొదలు. గర్భవతికి గట్టి దవా ఇవ్వాల్సిన జరూరత్ పడితే నాలుగో నెల నుంచి ఏడో నెల మధ్యలోనే ఇవ్వాలని, అంతకు ముందూ ఆ తర్వాతా జాగ్రత్తగా ఉండాలని ఆయన పేరు మీద ఉన్న సూత్రాల్లోనే ఉంది. జాలీనూస్ (గేలెన్) దానికి చెట్టు మీది కాయను మిసాల్‌గా చెప్పాడు. పిందెగా ఉన్నప్పుడు తొడిమ బలహీనం, చిన్న గాలికే రాలుతుంది. బాగా పండాక కూడా రాలుతుంది. నడుమ మాత్రమే గట్టిగా పట్టుకుని ఉంటుంది. 1025 నాటికి పూర్తయిన ఇబ్నె సీనా అల్ ఖానూన్‌లోనూ గర్భవతికి రక్తం తీయడం, జులాబు ఇవ్వడం గురించి ఇదే ఎహతియాత్ కనిపిస్తుంది.

పదో శతాబ్దంలో అందలుస్‌లోని కుర్తుబా నగరంలో అరీబ్ బిన్ సాద్ అనే ఆలిమ్ పిండం ఎదుగుదల, గర్భవతుల తద్బీర్, పసిపిల్లల పెంపకం మీద ప్రత్యేకంగా ఒక కితాబే రాశాడు. తద్బీర్ అన్న లఫ్జ్ గమనించండి. అది దవా కాదు. తిండి, నిద్ర, నడక, మనసు, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, వీటన్నిటి బందోబస్తు. గర్భవతి విషయంలో పాత హకీములు ముందు తద్బీర్ చూశారు, దవాను చివరికి పెట్టారు.

ఈ ఇల్మ్ దక్కన్‌కు కొత్తది కాదు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాద్ కట్టిన కొత్తలోనే, 1595లో, దారుష్షిఫా కట్టించాడు. ఇప్పుడు ఆ పేరు మొహల్లాకు మిగిలింది. అక్కడ రోగులకు ఇలాజ్, హకీములకు తాలీమ్ రెండూ జరిగేవి. ఆఖరి నిజాం కాలంలో చార్మినార్ పక్కన లేచిన యూనానీ దవాఖానా, తిబ్బీ కాలేజీ అదే సిల్సిలాలోవి.

అయితే కాన్పు గదిలోకి హకీమ్ సాబ్ అడుగు పెట్టేవాడు కాదు. పర్దా ఉండేది. నాడి చూడాలన్నా తెర చాటు నుంచే. లోపల దాయీ రాజ్యం. తెలుగిళ్లలో మంత్రసాని అన్నా, మన ఇళ్లలో దాయమ్మ అన్నా చాలా ఊళ్లలో మనిషి ఒకతే. ఉప్పల్, ఘట్‌కేసర్ వైపు పల్లెల్లో మంగలి ఇంటి అమ్మ అన్ని ఇళ్లకూ వెళ్లేది. ఆమె చేతుల్లోనే రెండు ఇల్మ్‌లు కలిశాయి. వాళ్ల బాలింత కాయం, మన అచ్వానీ పక్కపక్కన పెట్టి చూడండి. శొంఠి, వాము, బెల్లం, నెయ్యి రెండింట్లోనూ ఉంటాయి. వాళ్లు వావిలాకు వేసి కాచిన నీళ్లతో బాలింతకు స్నానం చేయిస్తారు. ఆ చెట్టునే మన కితాబులు సంభాలూ అంటాయి. వాళ్లకు పురుడు, మనకు ఛట్టీ, చిల్లా. ఆపా ఇంటి పక్కన ఉండే అమ్మ ఇప్పటికీ కాయం దంచితే ఒక డబ్బా ఆపాకు ఇస్తుంది. దీనికి మజహబ్ ఎప్పుడూ అడ్డం రాలేదు.

గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ కాయం, అచ్వానీ, గోంద్ లడ్డూ అన్నీ కాన్పు తర్వాతివి. మన ఖాందానీ నుస్ఖాల్లో ఎక్కువ భాగం జచ్చాకు, అంటే బాలింతకు చెందినవే. హామిలాకు, అంటే గర్భవతికి చెందినవి చాలా తక్కువ. బుజుర్గులు ఆమె విషయంలో చేయి వెనక్కి తీసుకున్నారు. ఈ ఫర్క్ మనం మర్చిపోయాం.

కితాబు ఇల్మ్‌నూ కాన్పుగది ఇల్మ్‌నూ కలిపే కోషిష్ నూరేళ్ల కిందట గట్టిగానే జరిగింది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ డాక్టరీ పట్టాను హకీమ్ అనే పిలిచేవారు. అక్కడే చదివిన పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూంజీ 1889లో ఆ హకీమ్ పట్టా తీసుకుని, క్లోరోఫామ్ మత్తు ఇవ్వడంలో దునియాలోనే తొలి మహిళా డాక్టర్లలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్ 1909లో ఆడవాళ్ల కోసం తిబ్బియా మదర్సా తెరిచి దాయీలకు తాలీమ్ ఇప్పించాడు. మన దగ్గర 1906లో వేల్స్ యువరాణి వచ్చినప్పుడు విక్టోరియా జనానా హాస్పిటల్‌కు పునాదిరాయి పడింది. పర్దాలో ఉన్న ఆడవాళ్లు ఇంటి గడప దాటి కాన్పుకు వెళ్లొచ్చన్న ఖయాల్ ఈ షహర్‌లో నెమ్మదిగా నాటుకుంది.

ఇంకో తలుపు కూడా తెరుచుకుంది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ బెహిష్తీ జేవర్. పెళ్లికూతురి పెట్టెలో చీరల మధ్య పెట్టి పంపే కితాబ్ అది. అందులో నమాజు, రోజా మసాయిల్‌తో పాటు తొమ్మిదో హిస్సా అంతా ఆరోగ్యం, ఇలాజ్ మీదే ఉంటుంది. హకీముల జబాన్‌లో ఉన్న సంగతులను ఇంటి ఆడవాళ్లు చదువుకునే సాదా ఉర్దూలోకి తెచ్చింది. నానీమా లాంటివాళ్లు బయాజ్ రాసుకోవడం ఆ జమానా తెచ్చిన అలవాటే. ఆమె అబ్బా పాత బస్తీలో పన్సారీ. దుకాణానికి వచ్చే హకీమ్ సాబ్ చెప్పిన నుస్ఖాలను ఇంటికొచ్చి కూతురితో రాయించేవాడు.

మరి ఎక్కడ తెగింది? నా ఖయాల్‌లో రెండు చోట్ల.

మొదటిది జబాన్. 1948 తర్వాత సర్కారీ పనిలో ఉర్దూ పోయింది. కొలువులు కావాలంటే పిల్లల్ని తెలుగు, ఇంగ్లీషు చదువుల్లో వేయాల్సి వచ్చింది. అది తప్పని నేననను, ఆ తెలుగు చదువే నాకు అన్నం పెడుతోంది. కానీ బయాజ్‌లు చదివే కళ్లు పోయాయి. నుస్ఖా కాగితం మీద నుంచి నాలుక మీదికి వచ్చింది. నాలుక మీద దవాల పేర్లు నిలుస్తాయి, అంచున రాసిన ఎహతియాత్ నిలవదు.

రెండోది వజన్. పాత నుస్ఖాలన్నీ తోలా, మాషా, రత్తీల్లో ఉంటాయి. ఎనిమిది రత్తీలు ఒక మాషా, పన్నెండు మాషాలు ఒక తోలా. తోలా అంటే 11.66 గ్రాములు, మాషా ఒక గ్రాముకు కాస్త తక్కువ. 1956 చట్టం తర్వాత దేశమంతా మెట్రిక్ కొలతలకు మారింది. తోలా బంగారం దుకాణంలో బతికింది, మాషా ఎక్కడా బతకలేదు. ఈ తరానికి తెలిసిన పాత కొలత తోలా ఒక్కటే. మాషాను తోలాగా చదివితే దవా పన్నెండింతలవుతుంది. మెంతుల్లో అది కడుపునొప్పితో పోతుందేమో, అభల్‌లో అలా పోదు.

ఇప్పుడు మనం దాదాపు ప్రతి ఇంట్లో చూసే కొన్ని వస్తువుల సంగతి చెప్తాను.

మర్యమ్ బూటీ. హజ్ నుంచి వచ్చినవాళ్లు జమ్‌జమ్, ఖజూర్‌తో పాటు తెచ్చే ఎండిన పిడికిలి లాంటి మొక్క. అరబ్బులు కఫ్ మర్యమ్, అంటే మర్యమ్ అరచేయి అంటారు. మలేషియాలో బీబీ ఫాతిమా పేరుతో పిలుస్తారు. నొప్పులు మొదలవగానే నీళ్లలో వేస్తారు, అది విచ్చుకున్నట్టే కాన్పూ సులువవుతుందని నమ్మకం. అది ఆవాల జాతికి చెందిన ఎడారి మొక్క. ఎండాక అది బతికి ఉండదు. కొమ్మలు నీళ్లు పీల్చి తెరుచుకుంటాయి, ఎండితే మళ్లీ ముడుచుకుంటాయి. ఎడారిలో వాన పడ్డప్పుడే విత్తనాలు విదిలించడానికి అల్లా దానికి ఇచ్చిన తద్బీర్ అది. నొప్పులు పడుతున్న పిల్ల మంచం పక్కన గిన్నెలో పెట్టుకుని చూస్తే దిల్‌కు కాస్త సుకూన్. ఆ నీళ్లు తాగించడం వేరే సంగతి. మలేషియాలో ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో దాని కషాయం ఎక్కువైతే పిండానికి హాని కలిగే సూచనలు కనిపించాయి. పెట్టుకుని చూడండి, తాగించకండి.

ఖజూర్. సూరె మర్యమ్‌లో నొప్పులు పడుతున్న బీబీ మర్యమ్‌కు ఖజూర్ చెట్టు కిందే ఆసరా దొరికిన సంగతి మనందరికీ తెలుసు. 2011లో అచ్చయిన జోర్డాన్ పరిశోధన ఒకటుంది. కాన్పు తేదీకి ముందు నాలుగు వారాలు రోజుకు ఆరు ఖజూర్లు తిన్న 69 మందిని, తినని 45 మందితో పోల్చారు. తిన్నవాళ్లలో నొప్పులు వాటంతటవే మొదలవడం ఎక్కువగా, మందుతో నొప్పులు తెప్పించాల్సిన అవసరం తక్కువగా కనిపించింది. చిన్న పరిశోధన, చీట్లు వేసి పంచినట్టు పంచి చేసింది కాదు, అందుకే దాన్ని ఆఖరి మాటగా తీసుకోను. షుగర్ ఉన్న గర్భవతి డాక్టర్‌ను అడక్కుండా తినకూడదు.

బొప్పాయి. నానీమాలు దాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. 2002లో సింగపూర్ పరిశోధకులు ఎలుకల మీద చూస్తే, పండిన బొప్పాయితో ఇబ్బంది కనిపించలేదు కానీ పచ్చికాయ పాలు గర్భసంచిని బిగబట్టేలా చేశాయి. అంటే భయం ఉత్తదేమీ కాదు, పచ్చి పండు తేడా మాత్రం పోయింది.

జాఫ్రాన్. పాలలో రెండు పోగులు రుచికి వేసుకుంటే ఫరక్ పడదు. ఎక్కువైతే దాన్నీ కితాబులు నెలసరి తెచ్చే దవాల్లోనే లెక్కేస్తాయి. బచ్చా గోరా పుడతాడని చెప్పి తాగించడం మాత్రం ఒట్టి మాట. రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. సాఁవ్లా బిడ్డ పుడితే తల్లిని నిందించే మన ఇళ్ల ఆదత్‌కు జాఫ్రాన్ ఒక ముసుగు.

ములేఠీ, అంటే అతిమధురం. దగ్గు వస్తే మనం తేలిగ్గా నోట్లో వేసుకునే పుల్ల. దానిలో ఉండే గ్లిసరైజిన్ గర్భంలో ఎక్కువగా అందితే పిల్లల బుద్ధి ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని ఫిన్లాండ్ పరిశోధనలు చెప్పాయి.

అద్రక్ సంగతి వేరు. మొదటి నెలల వాంతులకు కాస్త అల్లం పనికొస్తుందని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా ఒప్పుకున్నాయి. అక్కడ నానీమా గెలిచింది. మెంతుల మీద మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే పరిశోధనలు చేసి అవి రక్తంలో షుగర్ తగ్గిస్తాయని చూపింది. పప్పులో వేసుకునే మెంతికూర వేరు, పిడికిళ్ల కొద్దీ మెంతిపొడి గర్భంలో వేరు.

"ముందు", "తర్వాత" ఫర్క్ ఎంత పెద్దదో చెప్పడానికి దూరపు మిసాల్ ఒకటి. రై ధాన్యానికి పట్టే ఎర్గట్ అనే బూజును యూరప్ దాయీలు నొప్పులకు వాడేవారు. 1808లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ స్టెర్న్స్ అనే డాక్టర్ దాన్ని మెచ్చుకుంటూ రాశాడు. వాడకం పెరిగింది, కడుపులోనే పోయే పిల్లలూ పెరిగారు. కొన్నేళ్లకే డాక్టర్లు మేల్కొని, కాన్పుకు ముందు వద్దు, తర్వాత రక్తం ఆపడానికే వాడండని చెప్పారు. 1935లో లండన్‌లో దాని నుంచి ఎర్గోమెట్రిన్ తీశారు. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లుల ప్రాణాలు కాపాడిన సూది మందు అది. దవా ఒకటే. గంట ముందు ఇస్తే జహర్, గంట తర్వాత ఇస్తే షిఫా. నానీమా అంచున రాసిన మాటలో ఉన్నదీ అదే.

డాక్టరీ దవాలే పాక్ అని కూడా నేననడం లేదు. 1957లో జర్మనీలో నిద్రమందుగా అమ్మకానికి వచ్చి, వేవిళ్లకూ వాడిన థాలిడోమైడ్ వల్ల దునియాలో పదివేల మంది దాకా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు. 1961లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. అయితే ఆ తప్పు తర్వాత డాక్టరీ లోకం తన ఖాయిదాలు మార్చుకుంది. మన డబ్బా దవాలు అమ్మేవాళ్లలో చాలామంది మార్చుకోలేదు. 2011-12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భవతుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. అందరూ మన దేశంలో తయారైన ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. జడీబూటీ అంటే కుద్రతీ, కుద్రతీ అయితే నుక్సాన్ ఉండదు అన్న భరోసా అక్కడ తల్లినీ బిడ్డనూ ఖతరాలో పడేసింది.

హదీస్ కితాబుల్లో ఒక మాట ఉంది. తిబ్ తెలియకుండా ఎవరైనా వైద్యం చేసి నష్టం చేస్తే వాళ్లే జామిన్, అంటే బాధ్యులు అని. చిన్నప్పుడు ఇది దొంగ హకీముల గురించి అనుకునేవాణ్ణి. ఆపా గొంతు పెగలని ఆ రెండు నిమిషాల్లో నాకు అర్థమైంది, మొహబ్బత్‌తో ఇచ్చే చేయి కూడా ఇందులోకి వస్తుంది.

తెలంగాణలో ఇప్పుడు వందలో 97 కాన్పులు దవాఖానాల్లోనే జరుగుతున్నాయని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్రసవాల్లో తల్లుల మరణాలు 2018-20 నాటికి లక్షకు 43కు దిగాయి. ఇది మామూలు కామ్యాబీ కాదు. అదే సర్వేలో వందలో 60కి పైగా కాన్పులు ఆపరేషన్లు. గర్భవతుల్లో సగానికి పైగా రక్తహీనత. నేను తెలిసినవాళ్లను అడిగితే, కోతకు భయపడే ఆడవాళ్లు మళ్లీ నుస్ఖాల వైపు చూస్తున్నామన్నారు. ఆ భయాన్ని తిట్టి లాభం లేదు. ఆ భయానికి జవాబు ఎండిన కాయల పొడిలో లేదు. తద్బీర్‌లో ఉంది: ఐరన్ గోలీలు మానకుండా వేసుకోవడం, పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు, నడక, నిద్ర, నెలనెలా చెకప్. అరీబ్ బిన్ సాద్ ఈ రోజు నారపల్లికి వచ్చినా ఆపాకు ఇంచుమించు ఇదే చెప్పేవాడు. యూనానీ మీద భరోసా ఉన్నవాళ్లు తిబ్బీ కాలేజీలో పట్టా తీసుకున్న, కాన్పుల ఇల్మ్ చదివిన తబీబ్‌ను అడగండి. ఏది తీసుకున్నా కాన్పు చేసే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

భాంజీకి ఆ సాయంత్రం జవాబు పంపాను. ఆ నుస్ఖా ఇప్పుడు వద్దు, బచ్చా పుట్టాక కూడా అభల్ వద్దు. డాక్టర్ సరే అంటే సోంఠ్, అజ్వాయిన్‌తో నానీమా చేసిన అచ్వానీ మాత్రం ఆపా చేతి నుంచి తాగు అన్నాను. "మరి మర్యమ్ బూటీ?" అని అడిగింది. "గిన్నెలో పెట్టుకో" అన్నాను. ఆపా పక్క నుంచి, "బయాజ్ నీ దగ్గరే ఉంచుకో, తెలుగులో రాసి పెట్టు. అంచున ఉన్నది ముందు రాయి" అంది.

ఆ పని మొదలుపెట్టాను. మీ ఇళ్లలో కూడా ఇలాంటి బయాజ్‌లు ఉంటాయి. పెట్టె అడుగున, ఖురాన్ షరీఫ్ జుజ్‌దాన్ పక్కన, పాత బెహిష్తీ జేవర్ పేజీల మధ్య. పారేయకండి, అలాగని నేరుగా పొయ్యి మీదికీ ఎక్కించకండి. ఉర్దూ చదవగలిగే బుజుర్గులు ఇంకా ఉన్నప్పుడే వాళ్ల ముందు పెట్టి చదివించుకోండి. ఫోటో తీసేటప్పుడు పేజీ అంచులు తెగకుండా చూడండి.

మా భాంజీని దువాల్లో యాద్ ఉంచుకోండి.